పదిహేడు మీటర్ల గాలిపటం

పర్సుడీహ్,
6 జనవరి 2025

బంగారు తల్లి సౌజన్యకి,

మీ రమత్త రాస్తున్నది. చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరమేమిటి అనుకుంటున్నావు కదూ? మా ఇంట్లో ఫోనంటే స్పీకరే. నేను హలో అనేసరికి మా అత్తగారు సింహాచలమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది. మీ మావయ్య టీవీ గొంతు తగ్గిస్తాడు. పోనీ మెసేజి పెడదామంటే నా ఫోను పాస్‌వర్డు ఇంటిల్లిపాదికీ తెలుసు. నేను మరిచిపోతే వాళ్ళనే అడుగుతాను. అందుకని టాటానగర్ స్టేషన్లో మా రిజర్వేషన్ కౌంటరు వెనక కూర్చుని, టిఫిను డబ్బా అడ్డం పెట్టుకుని రాస్తున్నాను. జవాబు ఆఫీసు చిరునామాకే రాయి.

దసరా సెలవుల్లో మీ తూత్తుకుడి వచ్చి, మీ స్కూల్లో ఆ కైట్‌సర్ఫింగ్ నేర్చుకోబోయాను కదా. నాతో నేర్చుకున్న కాలేజీ పిల్లలందరూ గాలిపటం లాగుతుంటే బోర్డు మీద లేచి నిలబడ్డారు. నేను మాత్రం సముద్రాన్ని ఆ కొసనుంచి ఈ కొసకి దున్ని వచ్చాను. పటం పైన హాయిగా ఎగురుతోంది, నేను కింద ఉప్పునీళ్ళు తాగుతున్నాను. మీ స్కూల్లో నేర్పే సాయిచంద్ ఒడ్డున వెనక్కి తిరిగి నవ్వాడు. నేను చూడలేదనుకున్నాడు. అతని వీపు కూడా నవ్వింది.

అయితే ఆఖరి రోజు ఒక్క గాలి విసురు వచ్చింది, గుర్తుందా? బోర్డు నీళ్ళమీదికి తేలింది. పాదాల కింద నీరు నేల లాగా గట్టిపడింది. నేను నిలబడ్డాను! ‘హా’ అనేలోపే మళ్ళీ మునిగాను. ఆ ‘హా’ ఇంకా నా గొంతులోనే ఉంది తల్లీ. మొన్న కౌంటర్లో ఎవరో విజయనగరం అడిగితే తూత్తుకుడి కొట్టబోయాను.

నీకు తెలుసుగా, బిష్టుపూర్‌లో ఆటో ఎక్కబోతే డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, “మేడమ్, ఆప్ బీచ్ మే బైఠియే, బ్యాలెన్స్ రహేగా” అంటాడు, మధ్యలో కూర్చుంటే బండి ఒరగదని. పెళ్ళి ఫోటోల్లో నన్ను వెనక వరసలో గోడలాగా నిలబెడతారు. పుట్టినప్పటి నుంచీ నేను అందరికీ బరువే. అలాంటి నన్ను గాలి ఎత్తింది. ఎత్తాక దింపేసింది అనుకో.

కాబట్టి అడుగుతున్నాను. కాస్త ఒళ్ళున్న మనిషికి ఎలాంటి గాలిపటం కావాలి? నా బరువు ఎనభైకి కాస్త అటూ ఇటూ ఉంటుంది.

ఎవరికీ చెప్పకు. మీ నాన్నకి అసలే చెప్పకు.

ముద్దులతో
మీ రమత్త

తూత్తుకుడి,
17 జనవరి

అరే అత్తా!

నీ ఉత్తరం పోస్టుమాన్ ఇస్తుంటే స్కూల్లో అందరూ చుట్టూ మూగి చూశారు. చేతిరాతతో ఉత్తరం రావడం ఇక్కడ ఎవరూ చూడలేదట. ఒకమ్మాయి ఫోటో తీసుకుంది.

ఎనభైకి అటూ ఇటూ అన్నావు. నీ నడుముకి ఆ పట్టీ బిగించింది నేనే అత్తా. నీ ‘అటు’ చాలా దూరం ఉంది. సిగ్గుపడకుండా తూకం వేయించుకుని చెప్పు. ఇది అందానికి సంబంధించిన లెక్క కాదు, గాలికి సంబంధించిన లెక్క.

చూడు, చాలా సులభం. నీ బరువు కిలోల్ని రెండు పాయింట్ రెండుతో హెచ్చించు. ఆ రోజు గాలి వేగం ఎన్ని నాట్లు ఉందో దానితో భాగించు. వచ్చిందే నీ పటం సైజు, చదరపు మీటర్లలో. ఉజ్జాయింపు లెక్కే అనుకో, కానీ దారి చూపిస్తుంది. నువ్వొచ్చిన అక్టోబరులో గాలి పడిపోయింది. అప్పుడు నీకిచ్చింది పన్నెండు. అది డెబ్భై కిలోల వాళ్ళకి సరిపోయే పటం. పెద్ద పాదానికి చిన్న చెప్పు తొడిగి నడవడం రాదేమిటని అడిగితే ఎలా ఉంటుంది? తప్పు నీది కాదు, మేమిచ్చిన పటానిది. ఈ మాట ఆ రోజే చెప్పాల్సింది. నువ్వు నొచ్చుకుంటావని నోరు నొక్కుకున్నాను.

పెద్ద పటానికి దాని గుణాలు దానికి ఉంటాయి. మెల్లగా తిరుగుతుంది, ఇరుకు సందులో లారీ మళ్ళినట్టు. గాలి పెరిగితే మొండికేస్తుంది. కింద బోర్డు కూడా వెడల్పుగా, పొడుగ్గా ఉండాలి. పటం ఒక్కటే మారిస్తే సగం పనే అయినట్టు.

ఇంకోటి. ఫిబ్రవరిలో మళ్ళీ వస్తానని నాన్నతో అన్నావట. ఇప్పుడు రావద్దు అత్తా. ఈసారికి అసలు రావద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

నీ
సౌజన్య

పర్సుడీహ్,
29 జనవరి

చిరంజీవి సౌజన్యకి ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే తూకం వేయించుకున్నాను. మా పార్సిల్ ఆఫీసులో బస్తాలు తూచే కాటా ఉంది. అక్కడ పనిచేసే బంగార్రాజు మనవైపు వాడే, పలాస దగ్గర. ఎవరూ లేని సమయం చూసి వెళ్ళి, “బంగార్రాజూ, కాటా సరిగా పనిచేత్తందా లేదా సూడాలి, నానెక్కుతాను” అన్నాను.

“ఎక్కండమ్మా. కాటాకేటి, రెండు బస్తాలైనా మోత్తాది.”

ఎక్కాను. వాడు అలవాటు ప్రకారం ప్లాట్‌ఫారం చివరిదాకా వినబడేలా అరిచాడు. “నూటారూ!”

అటునుంచి ఎవరో హమాలీ, “కహా కా మాల్ హై?” అని ఎక్కడి సరుకో అడిగాడు. బంగార్రాజు నాలుక కరుచుకున్నాడు. నేను మాత్రం దిగి, ఠీవిగా నడిచి వచ్చేశాను.

నూటారుని నువ్వు చెప్పినట్టు హెచ్చించాను. ఇక్కడ మంచి గాలి వీచే రోజున పద్నాలుగు నాట్లు ఉంటుందనుకుంటే పదహారున్నర పైన వచ్చింది. అంటే నాది పదిహేడు.

ఇక నీ ఆఖరి మాట. ‘ఈసారికి అసలు రావద్దు.’ సాయిచంద్ నవ్వాడంటే పరాయివాడు. నీకూ నలుగురిలో నా పక్కన నిలబడడం చిన్నతనమైందన్నమాట. తప్పులేదులే. అక్కడ అందరూ చువ్వల్లాంటి మనుషులు. నేనొచ్చి నీటి మట్టం పెంచడం దేనికి?

నేను రాను. కానీ ఎగరడం మానను. మాకు చాండిల్ డ్యాము ఉంది. సముద్రమంత కాకపోయినా నన్ను మోయడానికి చాలినన్ని నీళ్ళున్నాయి. పటం నేనే ఎక్కడో అక్కడ సంపాదించుకుంటాను.

వేళకి తిను.

రమాదేవి

తూత్తుకుడి,
8 ఫిబ్రవరి

అత్తా, అత్తా, అత్తా!

‘రమాదేవి’ అని సంతకం పెట్టావు! నాకు ఉత్తరం రాస్తూ! పాగల్ హో క్యా? అది చూసి స్కూలు మెట్లమీద కూర్చుని భోరుమన్నాను. ఏమైందని సాయిచంద్ పరిగెత్తుకొచ్చాడు. “నీ నవ్వే అయ్యింది” అని వాడిమీద అరిచాను. పాపం, వాడికి ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. రెండు రోజులు నాకు ఎదురుపడలేదు.

రావద్దన్నది ఎందుకంటే మా స్కూల్లో పన్నెండుని మించిన పటం లేదు. వస్తే మళ్ళీ అదే ఇవ్వాలి, నువ్వు మళ్ళీ సముద్రం దున్నాలి. అది చూడడం నావల్ల కాదు. అందుకని నీకు తెలియకుండా పదిహేడు కోసం వెతుకుతున్నాను. దొరికాక చెప్పి నిన్ను ఎగిరి గంతేయించాలనుకున్నాను. అంతే అత్తా. నీ పక్కన నిలబడడం నాకు చిన్నతనమా? చిన్నప్పుడు పర్సుడీహ్ బజారులో వాన పడితే నేను దూరింది నీ కొంగులోకే కదా.

దొరికింది! పోయినేడాది పోలండ్ నుంచి ఒకాయన వచ్చాడు, గుమ్మంలోంచి పక్కకి తిరిగి లోపలికొచ్చేంత మనిషి. ఆయన తన పదిహేడు పటాన్ని, తలుపంత బోర్డుని మా దగ్గరే వదిలి వెళ్ళాడు. ఇక తను వాడనని, ఎవరికైనా పనికొస్తే ఇచ్చేయమని నిన్న మెయిల్ పెట్టాడు. రెండూ, పట్టీ పంపుతో సహా, పార్సిల్‌లో వేశాను.

కానీ నామీద ఒట్టు. నీళ్ళలో దిగకు. మైదానంలో పరిచి, పంపుతో అంచు గొట్టంలో గాలి నింపి, ఎక్కడైనా కారుతోందేమో చూడు. అంతే. నేను జూన్‌లో వస్తాను, ఇద్దరం కలిసి దిగుదాం. కొండల మధ్య గాలి నమ్మకస్తురాలు కాదు.

ఇప్పుడు సంతకం సరిగ్గా పెట్టి జవాబు రాయి.

నీ, ఎప్పటికీ నీ
సౌజన్య

పర్సుడీహ్,
3 మార్చి

నా తల్లే, నా బంగారమే,

నా బుద్ధి గడ్డి తిన్నది. ఇక ఆ మాట ఎత్తవద్దు. జరిగింది వింటే నువ్వు నవ్వలేక చస్తావు.

పార్సిల్ వచ్చింది. బంగార్రాజు దానిమీద నా పేరు చదివి, ఆటోలో వేసుకుని నేరుగా ఇంటికే తెచ్చేశాడు, నాకేదో ఉపకారం చేస్తున్నట్టు. గుమ్మంలో మీ మావయ్య. అప్పుడే గూడ్సు బండి నడిపి వచ్చి, డ్యూటీ చొక్కాతో నిలబడి ఉన్నాడు.

“ఏటే ఇది?”

దాచడానికి ఏముంది? అక్కడే నిలబడి అంతా చెప్పేశాను, నూటారుతో సహా. తిడతాడనుకున్నాను. చెంప గోక్కుంటూ ఆలోచించి ఏమన్నాడో తెలుసా?

“బరువు గూడ్సు బండి కొండ ఘాటీ ఎక్కాలంటే ఎనక తోయడానికి బ్యాంకర్ ఇంజను పెడతారు. బండి లావైపోనాదని ఎవుడైనా నవ్వుతాడేటి? లోడును బట్టి ఇంజను. ఆ పిల్ల సరిగ్గానే సెప్పింది.”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నాతో అన్న మంచి మాటల్లో ఇదే మొదటిది అనను గానీ, ఇంత అందమైనది మాత్రం ఇదే. మర్నాడు కద్మా వైపు మైదానానికి తీసుకెళ్ళి ఆయనే పంపు కొట్టాడు. పటం లేచి కూర్చుంది. సౌజన్యా, దాని అంచు నా నడుమంత లావుంది. దాన్ని చూస్తే చుట్టాన్ని చూసినట్టు అనిపించింది.

ఇక అసలు కథ. మా అత్తగారు దాన్ని మడత పెడుతుంటే చూసింది. “ఎన్ని మీటర్లే?” అంది. పదిహేడన్నాను. అంతే, ఆవిడ మనసులో అది షామియానా అయిపోయింది. పక్కింటి కస్తూరమ్మ మనవరాలికి అన్నప్రాసన. నేను డ్యూటీకి వెళ్ళగానే ఆవిడ ఆజ్ఞ వేసింది. “పందిరి కింద ఎండ పడిపోతంది. మన కాడ అంత గుడ్డ ఉన్నాది కదా, తే.” మీ మావయ్య తల్లి మాట కాదనలేడు. పైగా పంపు కొట్టడం ఆయనకి సరదాగా ఉంది. గాలి నింపి, నాలుగు వెదుళ్ళకి తాళ్ళతో కట్టి, అంచులకి బంతిపూల దండలు కూడా వేశారట.

నేను మధ్యాహ్నం సెలవు పెట్టి భోజనానికి వచ్చాను. వీధి మలుపు తిరిగేసరికి పందిరి ఊగుతోంది. గాలి లేచింది. నేను అరుస్తూ పరిగెత్తాను. నేను పరిగెత్తడం చూసి జనం ముందు నా వైపే చూశారు, పటం వైపు తర్వాత చూశారు. అప్పటికే రెండు వెదుళ్ళు పెరుక్కుని వచ్చేశాయి. మీ మావయ్య ఒక తాడు, భోజనానికి వచ్చిన బంగార్రాజు ఒక తాడు, వంటాయన గరిటె పారేసి ఇంకో తాడు పట్టుకున్నారు. ముగ్గురి కాళ్ళూ నేల వదిలాయి! కాసేపే, జానెడెత్తే, కానీ వదిలాయి. బంతిపూల దండలతో, వెదుళ్ళతో పటం కస్తూరమ్మ డాబామీదికి ఎక్కి, నీళ్ళ ట్యాంకుని కౌగిలించుకుని ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పాప మాత్రం చప్పట్లు కొట్టింది.

మా అత్తగారు, “ఓలమ్మో, ఇదేటి షామియానా, ఎల్లిపోతన్నాది!” అని గుండెలు బాదుకుంది.

నేను వీధిలో నిలబడి నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను. ముగ్గురు మగవాళ్ళని ఎత్తింది సౌజన్యా! ముగ్గుర్ని ఎత్తింది నన్నొక్కదాన్ని ఎత్తదా?

ఒకచోట బెత్తెడు చిరిగింది. ఏం చేయాలో రాయి.

ఎగిరి గంతేసిన
మీ రమత్త

తూత్తుకుడి,
14 మార్చి

అత్తా,

నీ ఉత్తరం స్కూల్లో పైకి చదివాను. ‘ట్యాంకుని కౌగిలించుకుని’ దగ్గర ఆపాల్సి వచ్చింది, ఊపిరాడక. సాయిచంద్ నవ్వలేదు. “పిచ్చా వీళ్ళకి? ఎవరైనా పోయుంటే?” అన్నాడు. వాడన్నది నిజమే.

చిరుగుకి రెండువైపులా అతికే గుడ్డ ఇందులో పెట్టాను. తుడిచి, ఆరాక అతికించు. సింహాచలమ్మ మామ్మకి చెప్పు, అది షామియానా కాదు, ఎద్దు. కట్టేసినా ఎద్దే.

ఏప్రిల్, మే నెలల్లో మీకు సాయంత్రాలు ఉరుము గాలివానలు వస్తాయి. అప్పుడు దాన్ని సంచిలోంచి తీయనేవద్దు. జూన్ మొదట్లో నేనొస్తున్నాను.

నీ
సౌజన్య

తూత్తుకుడి,
26 మే

అత్తా,

ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు క్షమించు. కుడి మణికట్టు విరిగింది. గాలిపటం వల్ల కాదు, స్కూటరు స్టాండు వేస్తూ. ఎవరితోనూ చెప్పుకోలేను. రైలెక్కి వచ్చినా నిన్ను పట్టుకోలేను, పటాన్నీ పట్టుకోలేను.

నా బదులు సాయిచంద్ వస్తున్నాడు. నువ్వేమంటావో తెలుసు. కానీ వాడే అడిగాడు. మాలో అందరికంటే బాగా నేర్పేది వాడే.

సౌజన్య

పర్సుడీహ్,
2 జూన్

సౌజన్యా,

చేయి జాగ్రత్త. పాలు తాగు. అతను వద్దు.

అత్త

తూత్తుకుడి,
7 జూన్

అత్తా,

నీ ఉత్తరం అందేసరికి వాడు రైల్లో ఉన్నాడు.

సౌ.

పర్సుడీహ్,
17 జూన్

నా కన్నతల్లీ,

కూర్చున్నావా? కూర్చో. నీ రెండో చేతికి ఏమీ కాకుండా కూర్చుని చదువు.

సాయిచంద్ గుమ్మంలో దిగిన రోజు నేను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. మా అత్తగారే ఇచ్చింది. అతను నిలబడే, “మేడమ్, ఆ రోజు నవ్వాను. తప్పు” అన్నాడు. “ఏ రోజు?” అన్నాను. మొహం మాడిపోయింది పాపం. అప్పుడు కూర్చోమన్నాను. మా అత్తగారు అతని చేతులు తడిమి చూసి, “బొమికలే ఉన్నాయి, తినవేట్రా?” అని, ఉన్న రోజులన్నీ పెసరట్లు పోసి పెట్టింది.

మంచివాడే సౌజన్యా. రోజూ మైదానంలో నాచేత తను తెచ్చిన చిన్న పటంతో సాధన చేయించాడు. ప్రమాదమైతే పటం పట్టు వదిలించడానికి లాగాల్సిన ఎర్ర పిడిని, నిద్రలో లేపి అడిగినా లాగేలా తయారుచేశాడు. మొన్న ఆదివారం పొద్దున్నే చాండిల్ వెళ్ళాం. వాన ఇంకా రాలేదు. దక్షిణం గాలి సాఫీగా వస్తోంది. లైఫ్ జాకెట్లు వేసుకుని, ఒక పడవ మాట్లాడుకుని, పటం ఊదాం. మీ మావయ్య పంపు ఎవరికీ ఇవ్వలేదు.

సాయిచంద్ గాలి చూసి, “ముందు నేను టెస్ట్ చేసి ఇస్తా మేడమ్” అన్నాడు.

“నువ్వెంత ఉంటావు?” అన్నాను.

“అరవై.”

“నీకిది పెద్దదైపోద్ది కదా బాబూ?”

“ఒక్క నిమిషమే మేడమ్” అని నవ్వి దిగాడు. కాసేపు చక్కగానే వెళ్ళాడు. ఇంతలో కొండ సందులోంచి ఒక విసురు వచ్చింది. తల్లీ, మనిషి నీళ్ళమీద లేడు! గాలిలో ఉన్నాడు! తాటిచెట్టంత అంటే అబద్ధం, మా డాబా అంత ఎత్తున ఉన్నాడు. ఎర్ర పిడి లాగాడు. చేపలు పెంచడానికి డ్యాములో వలల గూళ్ళు కట్టి ఉంటాయి, సరిగ్గా ఒక గూట్లో పడ్డాడు. పడవవాడు వెళ్ళి తీసుకొచ్చేసరికి ఒంటిమీద చిన్న గీత లేదు గానీ, చొక్కాలోంచి చేప దూకింది. ఎవరం నవ్వకూడదని పళ్ళు బిగబట్టుకున్నాం. ముందు అతనే పకపకా నవ్వాడు. ఇక నేను ఆగలేదు. వెనక్కి తిరగలేదు, ఎదురుగానే నవ్వాను.

పటం బాగానే ఉంది. కాసేపు ఆగి, గాలి కుదురుకున్నాక నేను దిగాను. సాయిచంద్ పటం వదిలాడు. పడవ నా వెనకే ఉంది.

పటం పక్కకి వాలింది, మెల్లగా, నువ్వన్నట్టు లారీలాగే. నడుం దగ్గర పట్టీ బిగిసింది. అది కుదుపు కాదు. పెద్ద చెయ్యేదో నడుం పట్టుకుని ‘లే’ అన్నట్టు లాగడం. లేచాను. మునగలేదు. మళ్ళీ మునగలేదు. నీరు గట్టిపడింది, గట్టిగానే ఉంది. అదే కొండ సందు దగ్గరికి వచ్చాను. అదే విసురు మళ్ళీ కొట్టింది. అరవై కిలోల మనిషిని ఎత్తి పారేసిన గాలి నన్ను కాస్త తోసింది, అంతే! మడమలు నొక్కి వెనక్కి వాలాను. నా బరువంతా దానికి ఎదురు వేసి కూర్చున్నాను. సౌజన్యా, నా ఒళ్ళు నాకు అడ్డం రాని మొదటి రోజు కాదు అది, నా ఒళ్ళు నాకు పనికొచ్చిన మొదటి రోజు. ‘హా’ అని అరిచాను. ఊపిరి అయిపోతే మళ్ళీ పీల్చుకుని అరిచాను.

ఒక్కటే చిక్కు. వెనక్కి మళ్ళడం మరిచిపోయాను. తెలియక కాదు, మళ్ళాలనిపించక. అవతలి గట్టు వచ్చేసింది.

అక్కడ బట్టలు ఉతుకుతున్న ఇద్దరు ఆడవాళ్ళు నన్ను చూసి లేచి నిలబడ్డారు. పటాన్ని ఎలాగో దింపి ఇసుకలో కూలబడ్డాను.

“కహా సే ఆయీ దీదీ?”

నీళ్ళ అవతల చూపించాను.

“అకేలే?” ఒక్కదాన్నేనా అని.

“నహీ,” అన్నాను, “హవా కే సాథ్.” గాలితో కలిసి వచ్చాను మరి.

వాళ్ళు నాకు మరమరాలు పెట్టారు, పచ్చిమిర్చితో. అంత రుచి ఎప్పుడూ ఎరగను.

అప్పటికి పడవ వచ్చింది. సాయిచంద్ నీళ్ళలోకి దూకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. మీ మావయ్య దిగలేదు. పడవ అంచు పట్టుకుని కూర్చున్నాడు, మొహం తెల్లగా పాలిపోయి ఉంది. తిడతాడనుకున్నాను.

“ఏటయ్యింది?” అన్నాను.

“నాను సూడలేదే.”

“ఏటి సూడలేదు?”

“నువ్వు లేసింది. కళ్ళు మూసుకున్నాను. బయమేసింది. ఆ కుర్రోడు లేసింది లేసింది అని అరిత్తే ఇన్నాను గానీ, కళ్ళు తెరవలేకపోనాను. తెరిసేసరికి నువ్వు ఇక్కడ మరమరాలు తింటన్నావు.” పడవలోంచి పంపు తీసి నా ముందు పెట్టాడు. “మల్లీ ఎల్లవే. ఈపాలి సూత్తాను.”

అంచు గట్టిగానే ఉంది, గాలి కొట్టాల్సిన పని లేదు. అయినా రెండు పంపులు కొట్టనిచ్చాను, ఆయన తృప్తి కోసం. సాయిచంద్ పటం ఎత్తాడు. పడవ నా పక్కనే, కేకేస్తే వినబడేంత దూరంలో వచ్చింది. లేచాక ఒకసారి అటు తిరిగి చూశాను. మీ మావయ్య పడవలో నిలబడి ఉన్నాడు, కూర్చోమని పడవవాడు అరుస్తున్నా వినకుండా. రెండు కళ్ళూ ఇంత చేసుకుని నన్నే చూస్తున్నాడు.

నీ చేయి నయం కాగానే రా. నీకిది పెద్దదైపోతుంది. చూస్తూ కూర్చుందువుగాని.

చాండిల్ ఈ గట్టు నుంచి ఆ గట్టుకీ, ఆ గట్టు నుంచి ఈ గట్టుకీ
నీ రమత్త